లైనక్స్‌లో విండోస్ వీఎం: మీ సాఫ్ట్‌వేర్ దేన్ని ముట్టుకుంటుందో ముందు చూసుకోండి

లైనక్స్‌కి మారదామనుకునేవాళ్లని చాలాసార్లు ఆపేది ఒకే ఒక్క సాఫ్ట్‌వేర్. డీటీపీ సెంటర్ నడిపేవాళ్లకి పేజీలు దిద్దే పేజ్‌మేకర్, దానికి తోడు తెలుగు టైపింగ్‌కి అను స్క్రిప్ట్ మేనేజర్. ఆడిటర్ దగ్గర పనిచేసేవాళ్లకి ట్యాలీ, డిజిటల్ సంతకం టోకెను. ఫోన్లు రిపేరు చేసేవాళ్లకి ఫోన్‌లో సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించే ఫ్లాషింగ్ టూల్. బ్రౌజరూ మెయిలూ వీడియోలూ అన్నీ లైనక్స్‌లో హాయిగా నడుస్తాయి, ఈ ఒక్కటి మాత్రం విండోస్‌ని వదిలి కదలదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 మామూలు సపోర్ట్ ముగిసింది. విండోస్ 11 ఏమో పాత ప్రాసెసర్లని (ఇంటెల్‌లో ఎనిమిదో తరానికి ముందువి దాదాపు అన్నిటినీ) ఒప్పుకోదు. బాగా పనిచేస్తున్న కంప్యూటర్‌ని పారేయలేక లైనక్స్ వైపు చూస్తున్న వాళ్లకి ఈ తలనొప్పి ఇప్పుడే ఎక్కువగా తగులుతోంది.

"వీఎం పెట్టుకో, అయిపోతుంది" అన్నది అందరూ ఇచ్చే సలహా. వీఎం అంటే వర్చువల్ మెషీన్, లైనక్స్ లోపలే ఒక విండోలో నడిచే ఇంకో కంప్యూటర్ లాంటిది. చాలావాటికి నిజంగానే అయిపోతుంది. కొన్నిటికి రెండు రాత్రులు నిద్ర మానుకున్నా అవ్వదు. సాఫ్ట్‌వేర్ ఎంత పెద్దదన్నదీ ఎంత పాతదన్నదీ ఇక్కడ పెద్దగా లెక్కలోకి రావు. అది కంప్యూటర్‌లో దేన్ని ముట్టుకుంటుంది అన్న దగ్గరే అంతా తేలిపోతుంది. కీబోర్డు, స్క్రీన్, ఫైళ్లు, ఇంతవరకే అయితే కళ్లు మూసుకుని వీఎంలో పెట్టేయొచ్చు. యూఎస్‌బీకి గుచ్చిన వస్తువు కావాలంటే కాస్త పని ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు కావాలంటే చాలా పని ఉంటుంది. "నేను నిజమైన కంప్యూటర్‌లోనే ఉన్నానా?" అని అనుమానించే రకమైతే అసలు మొదలుపెట్టకపోవడమే మంచిది.

ముందు వైన్ సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే వైన్‌నీ వీఎంనీ కలిపేసి మాట్లాడేవాళ్లు ఇంకా ఉన్నారు. 1993లో మొదలైన వైన్‌లో విండోస్ అనేదే ఉండదు. ఒక విండోస్ ప్రోగ్రాం "ఈ ఫైల్ తెరువు", "ఇక్కడ బటన్ గీయి" అని అడిగితే ఆ అడిగినదాన్ని వైన్ అందుకుని, అదే పనిని లైనక్స్ చేత చేయిస్తుంది. కాబట్టి విండోస్ లైసెన్సు అక్కర్లేదు, ర్యామ్ పెద్దగా తినదు, ప్రోగ్రాం కూడా మామూలు లైనక్స్ అప్లికేషన్‌లాగే తెరుచుకుంటుంది. స్టీమ్‌లో విండోస్ ఆటల్ని నడిపించే ప్రోటాన్ కూడా వైన్ మీద కట్టిందే. ఇబ్బందల్లా ఏమిటంటే విండోస్‌లో వేలకొద్దీ ఫంక్షన్లున్నాయి, వాటిలో మీ సాఫ్ట్‌వేర్ వాడేది ఏ ఒక్కటి వైన్‌లో తేడాగా ఉన్నా ఎక్కడో ఓ చోట, సరిగ్గా ప్రింట్ కొట్టే టైమ్‌లోనో సేవ్ చేసే టైమ్‌లోనో, అది బయటపడుతుంది. ఇక డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాం అయితే చెప్పక్కర్లేదు. విండోస్ కెర్నెల్‌లోకి (ఆపరేటింగ్ సిస్టం గుండెకాయలాంటి భాగంలోకి) వెళ్లి కూర్చోవాల్సిన డ్రైవర్‌కి వైన్‌లో కూర్చునే చోటే లేదు. అయినా ముందు వైన్‌లో ఒకసారి వేసి చూడండి, పోయేదేమీ లేదు. నడిస్తే ఈ వ్యాసంతో పనే లేదు.

వీఎంలో నడిచేది అసలైన విండోస్. దానికి ఒక డిస్కు, ఒక నెట్‌వర్క్ కార్డు, ఒక డిస్‌ప్లే అన్నీ ఉన్నట్టే కనబడతాయి. అవన్నీ చాలావరకు సాఫ్ట్‌వేర్ వేసే వేషాలు. ప్రాసెసర్ మాత్రం నిజమైనదే, అసలు కిటుకంతా అందులోనే ఉంది. ఆపరేటింగ్ సిస్టం అంటే మెషీన్ మొత్తం తన చేతిలోనే ఉందనుకుని రాసిన ప్రోగ్రాం. ప్రాసెసర్‌లో అన్ని అధికారాలూ ఉండే రింగ్ 0 అనే స్థాయిలో నడుస్తుంది. అక్కడ ఇప్పటికే మీ లైనక్స్ కూర్చుని ఉంది. మరి విండోస్‌ని ఒక మెట్టు దించి నడిపిస్తే? అది తన స్థాయికి మించిన పని చేయబోయిన ప్రతిసారీ ప్రాసెసర్ దాన్ని ఆపి పైవాళ్లకి కబురు పెట్టాలి. పాత ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ రకం) ప్రాసెసర్లలో కొన్ని ఇన్‌స్ట్రక్షన్లు ఆ కబురు పెట్టేవి కావు, నోరు మూసుకుని తప్పు జవాబు ఇచ్చి ఊరుకునేవి. 1999లో వచ్చిన వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ఆ ఇన్‌స్ట్రక్షన్లని నడుస్తుండగానే పట్టుకుని మార్చి రాసే పద్ధతితో ఈ గండం గట్టెక్కింది. 2005లో ఇంటెల్ వీటీ-ఎక్స్, ఆ మరుసటేడు ఏఎండీ తన ఏఎండీ-వీ తెచ్చాక ఆ తిప్పలు తప్పాయి. ఇప్పుడు గెస్ట్‌కి (లోపలి విండోస్‌కి) తనదైన రింగ్ 0 ఉంటుంది, అది హద్దు దాటబోతే ప్రాసెసరే ఆపి హోస్ట్‌కి (బయటి లైనక్స్‌కి) అప్పగిస్తుంది. ఈ సౌకర్యాన్ని వాడుకుని వీఎంలని నడిపించే కేవీఎం 2007 ఫిబ్రవరిలో 2.6.20 కెర్నెల్‌తో లైనక్స్‌లో భాగమైంది. గెస్ట్ మెమరీ అడ్రసుల లెక్కని కూడా ప్రాసెసరే చూసుకోవడం ఇంటెల్‌లో 2008 నాటి నెహలెమ్‌తో మొదలైంది. అందుకే ఇవాళ వీఎంలో లెక్కలు చేసే పని దాదాపు అసలు వేగంతోనే సాగుతుంది. నెమ్మది అనిపిస్తే ఆ తప్పు సాధారణంగా వేషాలు వేసే డిస్కుదో, డిస్‌ప్లేదో అయి ఉంటుంది.

మీ మెషీన్‌లో ఈ సౌకర్యం ఉందో లేదో తెలియాలంటే టెర్మినల్లో ఎల్ఎస్‌సీపీయూ (lscpu) అని కొట్టండి. వర్చువలైజేషన్ అన్న వరుసలో వీటీ-ఎక్స్ అనో ఏఎండీ-వీ అనో కనబడాలి. కనబడకపోతే కంగారు పడకండి, బయోస్‌లో ఆ ఆప్షన్ ఆపేసి ఉండొచ్చు.

ఇంకోటి కూడా చేసి చూడండి. విండోస్ గెస్ట్ నడుస్తుండగా పక్కన హెచ్‌టాప్ (నడుస్తున్న ప్రోగ్రాంల జాబితా చూపించే టూల్) తెరిస్తే క్యూఈఎంయూ పేరుతో ఒక ప్రాసెస్ కనబడుతుంది. కేవీఎంతో కలిసి వీఎంని నడిపించే ప్రోగ్రాం అదే. స్టార్ట్ మెనూ, యాంటీవైరస్, మీ పేజ్‌మేకర్, మొత్తం విండోస్ అంతా ఆ ఒక్క ప్రాసెస్‌లోనే ఉంది, మీరిచ్చిన ఒక్కో వర్చువల్ సీపీయూ దాని కింద ఒక్కో థ్రెడ్‌గా నడుస్తుంటుంది. ఆ ప్రాసెస్‌ని కిల్ చేస్తే విండోస్‌కి కరెంటు పోయినట్టే. ఇది ఒకసారి కళ్లారా చూస్తే వీఎం అంటే ఉన్న బెరుకు సగం పోతుంది.

ర్యామ్ విషయంలో మాత్రం దాక్షిణ్యం ఉండదు. ఇంట్లో ఒక పోర్షన్ అద్దెకిచ్చినట్టే, గెస్ట్‌కి 4 జీబీ ఇచ్చారంటే అది వాడుకున్నా వాడుకోకపోయినా ఆ మేరకు మీకు లేనట్టే అనుకోవాలి. విండోస్ 11 అధికారికంగా అడిగేదే 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు. 8 జీబీ లాప్‌టాప్‌లో అది ఇచ్చేసి పక్కన బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు తెరిస్తే రెండూ కలిసి పాకుతాయి. డిస్కు సంగతి కాస్త నయం: గెస్ట్‌కి డిస్కుగా కనబడే క్యూకౌ2 ఫైల్‌కి 64 జీబీ అని రాసినా లోపల నిండినంతే బయట చోటు తీసుకుంటుంది. ఎస్ఎస్‌డీ మీద పెట్టండి, హార్డ్‌డిస్క్ మీద పెట్టి తిట్టుకోకండి.

వీఎంలు తయారుచేసి నడపడానికి వర్చువల్‌బాక్సా, కేవీఎంని వాడే వర్ట్-మేనేజరా అన్న గొడవలో నా ఓటు వర్ట్-మేనేజర్‌కే. వర్చువల్‌బాక్స్ మొదటిసారి వాడేవాళ్లకి సులువు, కాదనను. కానీ దాని కెర్నెల్ మాడ్యూల్ బయటి నుంచి వచ్చేది, కెర్నెల్ అప్‌డేట్ అయినప్పుడల్లా దాన్ని మళ్లీ కట్టాలి, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే దానికి సంతకం కూడా చేయాలి. పైగా లైనక్స్ 6.12 నుంచి కేవీఎం మాడ్యూల్ లోడ్ అవగానే వీటీ-ఎక్స్‌ని తన చేతిలోకి తీసేసుకుంటోంది, దాంతో కొన్ని వెర్షన్లలో వర్చువల్‌బాక్స్ తెరిస్తే "వీటీ-ఎక్స్‌ని ఇంకో హైపర్‌వైజర్ (వీఎంలని నడిపించే ప్రోగ్రాం) వాడుతోంది" అని మొరాయించొచ్చు. కేవీఎం మాడ్యూల్‌ని అన్‌లోడ్ చేస్తే సర్దుకుంటుంది. ఎక్స్‌టెన్షన్ ప్యాక్ అని విడిగా దొరికేది ఆఫీసు వాడకానికి ఉచితం కాదు, అది కూడా గుర్తుంచుకోండి. కేవీఎం అయితే కెర్నెల్‌తోపాటే వస్తుంది, కెర్నెల్‌తోపాటే అప్‌డేట్ అవుతుంది. వర్ట్-మేనేజర్ ముఖం ఓ పదేళ్ల కిందటి ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది, అంతే. అందం కావాలంటే గ్నోమ్ బాక్సెస్ ఉంది కానీ అందులో మార్చుకోగలిగేవి తక్కువ.

వర్ట్-మేనేజర్‌లో కొత్తవాళ్లు తడబడేది మొదట డిస్కు దగ్గర. వేగం కోసం డిస్కుని వర్ట్‌ఐఓ రకంగా పెడితే విండోస్ ఇన్‌స్టాలర్ "డ్రైవ్‌లేమీ లేవు" అని చేతులెత్తేస్తుంది, ఎందుకంటే వర్ట్‌ఐఓ అనేది వీఎంల కోసమే తయారుచేసిన డిస్కు రకం, దాని డ్రైవర్ విండోస్ దగ్గర ఉండదు. వర్ట్‌ఐఓ-విన్ అనే ఐఎస్ఓని రెండో సీడీగా తగిలించి, లోడ్ డ్రైవర్ నొక్కి వయోస్టార్ (viostor) ఫోల్డర్ చూపిస్తే డిస్కు ప్రత్యక్షమవుతుంది. ఇన్‌స్టాల్ అయ్యాక అదే సీడీలోంచి మిగతా డ్రైవర్లు కూడా వేసేయండి, లేకపోతే నెట్ ఉండకపోవచ్చు, స్క్రీన్ సైజు మారకపోవచ్చు.

సీపీయూ దగ్గర ఇంకో తమాషా. గెస్ట్‌కి నాలుగు ఇచ్చినా విండోస్ ఒకటో రెండో మాత్రమే చూపిస్తుంటే, నాలుగూ నాలుగు వేర్వేరు సాకెట్లుగా (విడివిడి ప్రాసెసర్లుగా) వెళ్లాయన్నమాట. విండోస్ హోమ్ ఒక సాకెట్‌నే ఒప్పుకుంటుంది, ప్రో రెండిటిని. సీపీయూ సెట్టింగుల్లోని టోపాలజీలో సాకెట్లు ఒకటి, కోర్లు నాలుగు అని మారిస్తే సరిపోతుంది. గడియారం అయిదున్నర గంటలు వెనక నడుస్తుంటే ఆశ్చర్యపోకండి. లైనక్స్ గెస్ట్‌లైతే మెషీన్ గడియారంలో ఉన్నది యూటీసీ (గ్రీనిచ్ టైమ్) అనుకుంటాయి, విండోస్ దాన్ని లోకల్ టైమ్ అనుకుంటుంది. వీఎం తయారుచేసేటప్పుడు గెస్ట్ విండోస్ అని చెప్పకుండా జెనెరిక్ అని వదిలేస్తే ఈ తేడా వస్తుంది. విండోస్ 11కి టీపీఎం అనే సెక్యూరిటీ చిప్ కూడా కావాలి, దానికి ఎస్‌డబ్ల్యూటీపీఎం అనే ప్యాకేజీ ఉంటే వర్చువల్ టీపీఎం తగిలించొచ్చు.

ఇప్పుడు మన డీటీపీ సంగతి. వీఎం అన్నది ఎంత బాగా అతుకుతుందో చూడాలంటే దీనికి మించిన ఉదాహరణ లేదు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత కొత్త వెర్షన్ లేదు, అయినా శుభలేఖలూ కరపత్రాలూ బిల్లు పుస్తకాలూ వేసే సెంటర్లలో ఏళ్ల తరబడి పేరుకున్న ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. అను స్క్రిప్ట్ మేనేజర్ చేసే పని ఏమిటంటే విండోస్‌లో మీరు నొక్కే మీటల్ని మధ్యలో అందుకుని, యాపిల్ లేఅవుటో మాడ్యులరో మీరెంచుకున్నదాన్ని బట్టి ఫాంటులో తగిన ముక్కల్ని పేర్చడం. ఇలా సిస్టం మొత్తం కీబోర్డు మీద కూర్చునే ప్రోగ్రాంలు వైన్‌లో ఇబ్బంది పెట్టొచ్చు. వీఎంలో ఆ సమస్యే రాదు. లైనక్స్ నుంచి గెస్ట్‌కి వెళ్లేది "ఫలానా మీట నొక్కారు" అన్న సంకేతం మాత్రమే, ఆ మీటకి అర్థం ఏమిటన్నది పూర్తిగా లోపలి విండోస్ ఇష్టం. కాబట్టి అను ఎలా నడిచేదో అలాగే నడుస్తుంది. లైనక్స్ వైపు తెలుగు ఇన్‌పుట్ ఆన్‌లో ఉంటే మాత్రం గెస్ట్ విండోలోకి వెళ్లేముందు దాన్ని ఇంగ్లీషుకి మార్చుకోవడం మంచిది.

చాలామంది కంగారుపడేది కాపీ-పేస్ట్ దగ్గర. పేజ్‌మేకర్‌లో "శుభలేఖ" అని చక్కగా కనబడుతున్న మాటని కాపీ చేసి లైనక్స్ బ్రౌజర్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ పడతాయి. వీఎం చెడగొట్టిందని అనుకోకండి. అను ఫాంట్లలో తెలుగు ముక్కలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి, ఫాంటు తీసేస్తే మిగిలేది ఆ అక్షరాలే. అసలు విండోస్‌లోనే నోట్‌ప్యాడ్‌లో వేసినా ఇదే జరుగుతుంది. యూనికోడ్‌లోకి కావాలంటే కన్వర్టర్ వాడాల్సిందే. ప్రింటింగ్‌కి నేనైతే గెస్ట్‌లో ప్రింటర్ డ్రైవర్ కోసం వెతకను. లోపల పీడీఎఫ్ చేసి, బయట లైనక్స్‌లోంచి ప్రింట్ ఇవ్వడమే తక్కువ టెన్షన్.

ఈ పనికి విండోస్ ఎక్స్‌పీ చాలు, అర జీబీ ర్యామ్‌లో కూడా నడిచిపోతుంది. పాత లైసెన్సు మీ దగ్గరుంటే అదే వాడండి. డిస్కు రకం ఐడీఈ అని పెట్టండి, ఎక్స్‌పీకి కొత్త సాటా పద్ధతి తెలియదు. కానీ దానికి 2014 ఏప్రిల్ తర్వాత సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి ఒక షరతు: వీఎం సెట్టింగుల్లో నెట్‌వర్క్ కార్డుని పూర్తిగా తీసేయండి. లోపల ఆఫ్ చేయడం కాదు, కార్డే లేకుండా చేయడం. అసలు కంప్యూటర్‌లో ఇది కుదరని సౌఖ్యం. ఇక్కడ మౌస్‌తో రెండు క్లిక్కులు. ఫైళ్లు అటూ ఇటూ మార్చడానికి పెన్‌డ్రైవ్‌ని గెస్ట్‌కి అప్పగిస్తే సరి, అయితే ఎవరో కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్‌ని ముందు లైనక్స్‌లో తెరిచి చూసి కావాల్సిన ఫైల్ మాత్రమే తీసుకోండి.

పెన్‌డ్రైవ్ అప్పగించడం అన్నానుగా, డిజిటల్ సంతకం టోకెను కూడా అదే దారి. వర్ట్-మేనేజర్‌లో యూఎస్‌బీ రీడైరెక్ట్ అన్న మెనూలో దాన్ని టిక్ చేస్తే టోకెను గెస్ట్‌లోకి వెళ్లిపోతుంది, ఆ క్షణం నుంచి లైనక్స్‌కి అది కనబడదు. ఒకేసారి ఇద్దరికీ ఉండదు. డ్రైవరూ, సంతకం చేయించే చిన్న ప్రోగ్రామూ, పోర్టల్ తెరిచే బ్రౌజరూ మూడూ గెస్ట్‌లోనే ఉండాలి. పోర్టల్ లైనక్స్ బ్రౌజర్‌లో తెరిచి టోకెను కనబడలేదని మొత్తుకుంటే లాభం లేదు. వర్చువల్‌బాక్స్‌లో యూఎస్‌బీ జాబితా ఖాళీగా వస్తుంటే మీ యూజర్‌ని వీబాక్స్‌యూజర్స్ (vboxusers) గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ రండి. కొన్ని టోకెన్లకి లైనక్స్ డ్రైవర్లు కూడా ఉన్నాయి, ముందు అది చూసుకుంటే ఈ శ్రమే తప్పొచ్చు.

ఫ్లాషింగ్ టూల్స్ దగ్గర ఈ దారి సగంలో తెగుతుంది. ఫోన్‌ని గెస్ట్‌కి అప్పగించేది దాని యూఎస్‌బీ నంబర్లని బట్టి. ఫ్లాష్ మొదలయ్యాక ఫోన్ రీబూట్ అయి బూట్‌లోడర్ మోడ్‌లోకి వెళ్తుంది, అప్పుడు దాని నంబరు మారిపోతుంది, అంటే పాత వస్తువు పీకేసి కొత్తది గుచ్చినట్టే లెక్క. ఆ కొత్తది తిన్నగా లైనక్స్ చేతికొస్తుంది, లోపల టూల్ మాత్రం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఇలా మధ్యలో తెగితే ఫోన్ పరిస్థితి ఏమిటో మీకు తెలుసు. యూఎస్‌బీ కంట్రోలర్ మొత్తాన్నే గెస్ట్‌కి ఇచ్చేయడం ఒక పరిష్కారం, డెస్క్‌టాప్‌లో అదనపు కార్డు వేసుకుంటే బాగానే పనిచేస్తుంది. లాప్‌టాప్‌లో రిస్క్ చేయొద్దనే అంటాను.

గ్రాఫిక్స్ సంగతి తొందరగా చెప్పేస్తాను. కేవీఎంలో విండోస్ గెస్ట్‌కి మామూలుగా దొరికేది టూడీ డిస్‌ప్లే. ఎక్సెల్, ట్యాలీ, పేజ్‌మేకర్‌లకి అది ఎక్కువే. వీడియో ఎడిటింగ్, త్రీడీ మోడలింగ్ లాంటివి మాత్రం ఈడ్చుకుంటూ నడుస్తాయి. రెండో గ్రాఫిక్స్ కార్డు ఉండి, మదర్‌బోర్డు ఐఓఎంఎంయూ (కార్డుల్ని నేరుగా గెస్ట్‌కి అప్పగించనిచ్చే సౌకర్యం) సరిగ్గా ఇస్తే ఆ కార్డుని పూర్తిగా గెస్ట్‌కి ధారపోయొచ్చు, వేగం అద్భుతంగా ఉంటుంది. అది చేయడం ఒక హాబీ, పని జరగడానికి పెట్టుకునే మార్గం కాదు.

ట్యాలీ వాడేవాళ్లకి స్నాప్‌షాట్ గురించి ఒక మాట. ఏదైనా కొత్తది ఇన్‌స్టాల్ చేసేముందు స్నాప్‌షాట్ తీసుకుంటే, చెడిపోతే నిమిషంలో వెనక్కి రావొచ్చు, వీఎంలో నాకు బాగా నచ్చేది ఇదే. కాకపోతే వెనక్కి వెళ్లేది విండోస్ ఒక్కటే కాదు, డిస్కు మొత్తం. సోమవారం స్నాప్‌షాట్‌కి గురువారం వెళ్తే మధ్యలో వేసిన వోచర్లన్నీ గల్లంతు. డేటా ఫోల్డర్‌ని రెండో వర్చువల్ డిస్కులో పెట్టి దాన్ని స్నాప్‌షాట్ నుంచి మినహాయించండి, లేదంటే వెనక్కి వెళ్లేముందు బ్యాకప్ బయటికి తీయండి. ఆ స్నాప్‌షాట్ కూడా అదే డిస్కులో ఉంటుంది కాబట్టి దాన్ని బ్యాకప్ అని మాత్రం అనుకోకండి.

లైసెన్సు దగ్గర చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మైక్రోసాఫ్ట్ నిబంధనల ప్రకారం వర్చువల్ మెషీన్ కూడా ఒక మెషీనే, దానికి విడిగా లైసెన్సు కావాలి. ముందు ప్రయత్నించి చూద్దామనుకుంటే విండోస్ 11 ఎంటర్‌ప్రైజ్ ట్రయల్ 90 రోజులకి దొరుకుతుంది, మీ సాఫ్ట్‌వేర్ ఆ వీఎంలో నడుస్తుందో లేదో తేలడానికి అది చాలు. కొనేటప్పుడు హోమా ప్రోనా అన్నది కూడా ఆలోచించండి: విన్‌యాప్స్ లాంటి వాటితో విండోస్ ప్రోగ్రాం ఒక్కదాన్నే లైనక్స్ డెస్క్‌టాప్ మీద విడి విండోగా తెచ్చుకోవాలంటే రిమోట్ డెస్క్‌టాప్ కావాలి, అది హోమ్‌లో లేదు.

చివరికి మిగిలేవి ఆ అనుమానప్పక్షులు. వాలరెంట్ లాంటి ఆటల యాంటీ-చీట్, ఆన్‌లైన్ పరీక్షలకి పెట్టే లాక్‌డౌన్ బ్రౌజర్లు గెస్ట్‌లో ఉన్నామని పసిగట్టగానే తలుపు మూసేస్తాయి. దాచే చిట్కాలు ఇంటర్నెట్‌లో బోలెడు ఉన్నాయి కానీ పరీక్ష మధ్యలో దొరికితే పోయేది మీ పరీక్ష, ఆటలో దొరికితే పోయేది మీ అకౌంట్. వీటికి డ్యూయల్ బూటే (ఒకే కంప్యూటర్‌లో రెండూ పెట్టుకుని, ఆన్ చేసేటప్పుడు ఏదో ఒకటి ఎంచుకోవడమే) దారి. ముందు విండోస్, తర్వాత లైనక్స్ ఇన్‌స్టాల్ చేసుకోండి, ఆ విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. లేకపోతే అది పూర్తిగా షట్‌డౌన్ అవదు, విండోస్ డ్రైవ్ లైనక్స్‌లో తెరిస్తే చదవడానికే వస్తుంది తప్ప అందులో ఏమీ రాయనివ్వదు.